నేవీ ఓడ రిపేరు ఖర్చుని మనమే లెక్క చూసుకోవడం ఎలా?

"సబ్‌మెరైన్ రిపేరుకి 934 కోట్లా?" 2023 మార్చి తర్వాత ఈ ప్రశ్న నాకు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. ఆ నెలలో రక్షణ శాఖ ఐఎన్‌ఎస్ సింధుకీర్తి నార్మల్ రీఫిట్ (ఓడని యార్డులో పెట్టి చేసే పెద్ద రిపేరు) కోసం విశాఖలోని హిందుస్థాన్ షిప్‌యార్డ్‌తో ఆ మొత్తానికి కాంట్రాక్టు కుదుర్చుకుంది. అడిగేవాళ్లలో గాజువాకవాళ్లూ ఉన్నారు, అమెరికాలో ఉండి వార్త చదివినవాళ్లూ ఉన్నారు. అందరి అనుమానం ఒకటే: "ఈ లెక్కలు ఎవరైనా చూస్తారా అండీ?"

చూస్తారు. ఖర్చు మంజూరయ్యే ముందు ఫైనాన్స్ సలహాదారు చూస్తాడు. బిల్లు చెల్లించే ముందు డిఫెన్స్ అకౌంట్స్ వాళ్లు చూస్తారు. చెల్లింపులయ్యాక ప్రభుత్వ ఖాతాలు తనిఖీ చేసే కాగ్ ఆడిట్ చేస్తుంది, ఆ నివేదిక మీద పార్లమెంటులో పీఏసీ (ప్రజా పద్దుల కమిటీ) అడుగుతుంది. వీళ్లు రాసిన వాటిలో చాలా భాగం మనకూ అందుబాటులో ఉంటుంది. ఏ కాగితం ఎక్కడుందో, దాన్ని ఎలా చదవాలో తెలియకే మనం ఆ 934 దగ్గర ఆగిపోతాం.

ఒక మాట ముందే చెప్పేస్తాను. ఓడ రిపేరులో రూపాయల కంటే ముందు రోజులు లెక్కపెట్టండి. 934 ఎక్కువా తక్కువా అన్నది మీరూ నేనూ తేల్చలేం. రెండేళ్ల పని నాలుగేళ్లు పట్టిందా లేదా అన్నది మాత్రం క్యాలెండర్ చూడడం వచ్చిన ఎవరైనా తేల్చొచ్చు.

ఏం కావాలి

- ఇంటర్నెట్ ఉన్న ఫోను. పీడీఎఫ్‌లు వందల పేజీలుంటాయి కాబట్టి కంప్యూటర్ ఉంటే కళ్లకు సుఖం.
- ఒక నోట్‌బుక్ లేదా ఎక్సెల్ షీటు.
- ఆర్టీఐ (సమాచార హక్కు) ఫీజుకి పది రూపాయలు.
- కొంచెం ఇంగ్లీషు చదవడం. కాగ్ డిఫెన్స్ నివేదికలు ఇంగ్లీషు, హిందీలో వస్తాయి, తెలుగులో రావు.
- ఓపిక. ఒక ఓడ లెక్క తేల్చడానికి నాకు మామూలుగా నాలుగైదు సాయంత్రాలు పడుతుంది. ఆర్టీఐ వేస్తే నెలలు.

ముందుగా ఒక జాగ్రత్త

నేవల్ డాక్‌యార్డ్ లాంటివి 1923 నాటి అధికార రహస్యాల చట్టం కింద నిషిద్ధ ప్రాంతాలు. "ఓడ ఇంకా డాక్‌లోనే ఉందో లేదో చూద్దాం" అని గోడ పక్కన నిలబడి ఫోటోలు తీయొద్దు. లోపల పనిచేసే బంధువుని ఓడ ఎప్పుడు బయలుదేరుతుందని గుచ్చి గుచ్చి అడగొద్దు. ఇక్కడ చెప్పేదంతా ప్రభుత్వం తానే బయటపెట్టిన కాగితాలతో చేసే పని. అంతకు మించి అవసరం రాదు.

1. ఒక్క ఓడ, ఒక్క రీఫిట్ ఎంచుకోండి

"నేవీ రిపేర్లన్నీ" అని మొదలుపెడితే రెండో రోజే వదిలేస్తారు. ఒక ఓడ పేరు, రీఫిట్ రకం, యార్డు పేరు. ఈ మూడూ నోట్‌బుక్‌లో పై వరుసలో రాసుకోండి.

రీఫిట్ రకం ముఖ్యం. షార్ట్ రీఫిట్, నార్మల్ రీఫిట్, మీడియం రీఫిట్, మిడ్ లైఫ్ అప్‌గ్రేడ్ అని ఉంటాయి. మొదటిది బండిని సర్వీసింగ్‌కి ఇచ్చినట్టయితే, చివరిది ఇంజన్ దించి మార్చినట్టు. ఒక ఓడ షార్ట్ రీఫిట్‌ని ఇంకో ఓడ మిడ్ లైఫ్ అప్‌గ్రేడ్‌తో పోల్చి "దీనికంత, దానికింతేనా" అనడం నేను చూసే తప్పుల్లో మొదటిది. అలాగే సబ్‌మెరైన్‌ని మామూలు యుద్ధనౌకతో పోల్చకూడదు.

సింధుకీర్తినే తీసుకుంటే ఇంకో చిక్కుంది. ఇదే సబ్‌మెరైన్ ఇదే యార్డుకి 2006లో మీడియం రీఫిట్‌కి వచ్చింది. బయటికి వచ్చింది 2015లో, అంటే తొమ్మిదేళ్లకి. పేరు కొట్టి వెతికితే పాత వార్తలు, కొత్త వార్తలు కలిసి వస్తాయి. 2006 కాంట్రాక్టు వేరు, 2023 కాంట్రాక్టు వేరు. రెండిటికీ రెండు పేజీలు పెట్టండి.

2. కాంట్రాక్టు ప్రకటన పట్టుకోండి

పెద్ద కాంట్రాక్టులకి రక్షణ శాఖ పీఐబీలో (కేంద్ర ప్రభుత్వ పత్రికా ప్రకటనల సంస్థ) ప్రెస్ నోట్ ఇస్తుంది. పీఐబీ సైట్లో ఓడ పేరు ఇంగ్లీషులో కొడితే చాలు. ఈ మధ్య వచ్చినవి కొన్ని, పోల్చి చూసుకోవడానికి:

- ఐఎన్‌ఎస్ శంకుష్ సబ్‌మెరైన్, మీడియం రీఫిట్ విత్ లైఫ్ సర్టిఫికేషన్, మజగాన్ డాక్, 2023 జూన్, 2,725 కోట్లు.
- ఐఎన్‌ఎస్ బియాస్ యుద్ధనౌక, మిడ్ లైఫ్ అప్‌గ్రేడ్, ఇంజన్ల మార్పు, కొచ్చిన్ షిప్‌యార్డ్, 2023 అక్టోబర్, 313.42 కోట్లు.
- ఐఎన్‌ఎస్ విక్రమాదిత్య విమానవాహక నౌక, షార్ట్ రీఫిట్, డ్రై డాకింగ్ (నీళ్లు తోడేసిన డాక్‌లో ఓడని నిలపడం), కొచ్చిన్ షిప్‌యార్డ్, 2024 నవంబర్, 1,207.5 కోట్లు.

ప్రెస్ నోట్ నుంచి ఐదు విషయాలు రాసుకోండి: సంతకాల తేదీ, మొత్తం, యార్డు, రీఫిట్ రకం, పూర్తి చేస్తామన్న తేదీ. చివరిది చాలా నోట్లలో ఉండదు. శంకుష్ నోట్‌లో 2026లో అప్పగిస్తారని ఉంది. లేకపోతే ఆ గడి ఖాళీగా వదలండి, అంచనాతో నింపొద్దు. ఆ ఖాళీ గడే రేపు మీ ఆర్టీఐలో మొదటి ప్రశ్న.

నోట్‌లో ఇన్ని చిన్న సంస్థలకు పని, ఇంతమందికి ఉపాధి అని రెండు మూడు వాక్యాలు కచ్చితంగా ఉంటాయి. అవి దాటేయండి.

చిన్న రిపేర్లకి ప్రెస్ నోట్ రాదు. పంపు రిపేరు, పెయింటింగ్, డెక్ ప్లేట్లు మార్చడం లాంటివి టెండర్ల మీద నడుస్తాయి. వాటి కోసం రక్షణ శాఖ ఈ-ప్రొక్యూర్‌మెంట్ పోర్టల్లో విశాఖ నేవల్ డాక్‌యార్డ్ పేరుతో వెతకండి. టెండర్ విలువ, వచ్చిన బిడ్ల సంఖ్య, ఎవరికి దక్కిందన్నవి కొన్నిటికి కనిపిస్తాయి. ఒక్కటే బిడ్ వచ్చి, అదే ఖాయమైన టెండర్లు కనిపిస్తే గుర్తు పెట్టుకోండి. అది తప్పు జరిగిందనడానికి రుజువు కాదు, అడగడానికి మాత్రం సరైన చోటు.

3. బడ్జెట్‌లో ఆ డబ్బు ఏ పద్దులో ఉందో చూడండి

ఇక్కడ సగం మంది తప్పిపోతారు. నేవీ డబ్బు రెండు సంచుల్లో ఉంటుంది. రోజువారీ ఖర్చులు, మామూలు రీఫిట్లు రెవెన్యూ సంచి. కొత్త ఓడలు, ఓడ ఆయుష్షు పెంచే పెద్ద పనులు క్యాపిటల్ సంచి.

రక్షణ శాఖ ఏటా డిఫెన్స్ సర్వీసెస్ ఎస్టిమేట్స్ అనే పుస్తకం వేస్తుంది. శాఖ సైట్లో పీడీఎఫ్ దొరుకుతుంది. రెవెన్యూ భాగంలో మేజర్ హెడ్ (ప్రధాన పద్దు) 2077 అంటే నేవీ. దాని కింద మైనర్ హెడ్ (ఉప పద్దు) 106 దగ్గర "రిపేర్స్ అండ్ రీఫిట్స్" అని ఉంటుంది. మనకు కావలసిన వరుస అదే. క్యాపిటల్ అయితే మేజర్ హెడ్ 4076లో నేవీ భాగం, అందులో నేవల్ ఫ్లీట్ పద్దు.

వరుసలో మూడు రకాల అంకెలుంటాయి: రెండేళ్ల కిందటి అసలు ఖర్చు, బడ్జెట్ అంచనా, సవరించిన అంచనా. పేపర్లలో వచ్చేది బడ్జెట్ అంచనా. మీరు మాత్రం అసలు ఖర్చుని పట్టుకోండి. అది రెండేళ్ల తర్వాతి పుస్తకంలో కనిపిస్తుంది.

రెండు హెచ్చరికలు. ఒకటి, ఇందులో ఓడవారీ లెక్క ఉండదు. మొత్తాన్ని ఓడల సంఖ్యతో భాగించి "ఒక్కో ఓడకి సగటున ఇంత" అని రాసేవాళ్లున్నారు, ఆ అంకెకి అర్థం లేదు. రెండు, పేజీ పైన మూలలో యూనిట్ చూడండి: కోట్లా, లక్షలా, వేలా? నేను ఒకసారి వేలని లక్షలనుకుని అంకెలు వేసి, నలుగురికీ పంపేశాను. ఒక రిటైర్డ్ అకౌంటెంట్ గారు ఫోన్ చేసి, "బాబూ, నువ్వు రాసినంత డబ్బుంటే ఇంకో నేవీ కొనొచ్చు" అన్నారు. అప్పట్నుంచి యూనిట్‌ని ముందు ఎర్ర ఇంకుతో రాసి, తర్వాతే అంకె రాస్తున్నాను.

4. కాగ్ నివేదిక వెతకండి

అసలు సరుకు ఇక్కడుంది. కాగ్ సైట్లో ఆడిట్ రిపోర్ట్స్‌కి వెళ్లి, కేంద్ర ప్రభుత్వం, డిఫెన్స్ అని ఎంచుకోండి. పీడీఎఫ్ తెరిచి లోపల వెతకడానికి పనికొచ్చే మాటలు (ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టండి): రీఫిట్, ఓడ పేరు, యార్డు పేరు, డ్రై డాక్, గ్రోత్ ఆఫ్ వర్క్, లిక్విడేటెడ్ డ్యామేజెస్, అవాయిడబుల్ ఎక్స్‌పెండిచర్.

డిఫెన్స్ నివేదికల్లో ఏమీ దొరక్కపోతే ఆగిపోకండి. హిందుస్థాన్ షిప్‌యార్డ్, మజగాన్ డాక్, కొచ్చిన్ షిప్‌యార్డ్ ప్రభుత్వ కంపెనీలు. వాటి లావాదేవీలు కంపెనీల మీద వచ్చే కమర్షియల్ నివేదికల్లో కూడా ఉండొచ్చు. పైగా హిందుస్థాన్ షిప్‌యార్డ్ 2010 వరకు షిప్పింగ్ శాఖ కింద ఉండేది, ఆ ఏడాదే రక్షణ శాఖ కిందికి వచ్చింది. సింధుకీర్తి 2006 రీఫిట్ మొదలైనప్పుడు ఓడ ఒక శాఖది, యార్డు ఇంకో శాఖది. ఏళ్లని బట్టి ఏ నివేదికల్లో వెతకాలో మారిపోతుంది.

కొన్ని సంవత్సరాల డిఫెన్స్ నివేదికలు సైట్లో కనిపించవు. విదేశాల చేతికి వివరాలు చిక్కకూడదని వాటిని ఆన్‌లైన్‌లో పెట్టడం లేదని కాగ్‌గా ఉన్నప్పుడు రాజీవ్ మెహరిషి చెప్పారు. అలాంటప్పుడు దారి ఇది: నివేదిక పార్లమెంటులో పెట్టారంటే అది బహిరంగ పత్రమే. ఆ రోజు కాగ్ ఇచ్చిన ప్రెస్ నోట్ చూడండి, పార్లమెంటు డిజిటల్ లైబ్రరీలో వెతకండి, లేదా కాగ్ ఆఫీసుకే ఆర్టీఐ వేసి ఆ పేరా కాపీ అడగండి.

పేరా దొరికాక నాలుగు ముక్కలుగా చదవండి: రూలు ఏం చెబుతోంది, జరిగిందేమిటి, ఎంత నష్టం, శాఖ ఏం జవాబిచ్చింది. జవాబు తర్వాత "రిప్లై ఈజ్ నాట్ టెనబుల్" అని ఉంటే ఆ జవాబుతో కాగ్ ఒప్పుకోలేదని అర్థం. అక్కడి నుంచి పేరా చివరి దాకా రెండుసార్లు చదవండి. అసలు తగువు అక్కడే ఉంటుంది.

ఎక్కువమంది చేసే తప్పు: మొదటి మూడు ముక్కలు చదివి, నాలుగోది వదిలేసి "కోట్ల కుంభకోణం" అని పోస్టు పెట్టడం. కాగ్ "అవాయిడబుల్" అంది అంటే ఆ ఖర్చు తప్పించి ఉండొచ్చు అని. ఎవరో తిన్నారని కాదు. విడిభాగం ఆలస్యంగా రావడం వల్ల పెరిగిన ఖర్చు కూడా అదే మాట కిందికి వస్తుంది. ఇంకో తప్పు నివేదిక సంవత్సరం. "మార్చి ఫలానా సంవత్సరంతో ముగిసిన ఏడాదికి" అన్న నివేదిక పార్లమెంటుకి రెండు మూడేళ్ల తర్వాత రావచ్చు, అందులో చెప్పిన ఘటన ఇంకా నాలుగేళ్ల కిందటిది కావచ్చు. తేదీలు మూడు వేరు వేరు గళ్లలో వేసుకోండి.

5. రెండు లెక్కలు కట్టండి: ఆలస్యం, పెరిగిన పని

ఊహించిన అంకెలతో ఒక ఉదాహరణ. కాంట్రాక్టు 200 కోట్లు, గడువు 12 నెలలు. చివరికి పట్టింది 19 నెలలు, అయింది 236 కోట్లు.

ఆలస్యం: 19 లోంచి 12 తీస్తే 7 నెలలు. 12 మీద 58 శాతం.
పెరుగుదల: 236 లోంచి 200 తీస్తే 36 కోట్లు. 200 మీద 18 శాతం.

ఈ 18 శాతాన్ని చూసి వెంటనే కోపం తెచ్చుకోకండి. పాత ఇంటికి రంగు వేయిద్దామని గోడ గీకితే పెచ్చులూడి ఇటుక బయటపడుతుంది చూశారా, ఓడకీ అంతే. నీళ్లలో ఉన్నంతసేపు అడుగుభాగం ఎవరికీ కనపడదు. డ్రై డాక్‌లో నీళ్లు తోడేసి, ఓడ దిమ్మల మీద కూర్చున్నాక, అంటుకున్న గుల్లలూ పాత పెయింటూ గీకి, ప్లేటు మందం కొలిచే మీటరు పెట్టి అంగుళం అంగుళం చూస్తారు. పైకి బాగున్న ప్లేటు లోపల తుప్పు తినేసి సగమైపోయి ఉంటుంది. మార్చక తప్పదు. దాన్నే గ్రోత్ ఆఫ్ వర్క్ అంటారు. 2025 నవంబర్ నుంచి అమల్లోకి వచ్చిన కొత్త డిఫెన్స్ ప్రొక్యూర్‌మెంట్ మాన్యువల్, ఇలాంటి రిపేర్లకి ముందుగానే 15 శాతం వరకు పెరిగే పనికి చోటు పెట్టింది. కాబట్టి ఆ తర్వాతి కాంట్రాక్టుల్లో 15 లోపు పెరుగుదల మామూలే అనుకోవచ్చు. అది దాటితే అడగండి. అంతకు ముందు కాంట్రాక్టులకి ఈ కొలత వాడకూడదు.

నిజానికి నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఆ 58 శాతం. డబ్బు పెరిగితే లెక్కల్లో కనిపిస్తుంది. ఓడ సముద్రంలో లేని ఏడు నెలల ఖరీదు ఏ పద్దులోనూ పడదు. దాని బదులు వేరే ఓడ ఎక్కువ తిరుగుతుంది, దాని రీఫిట్ వాయిదా పడుతుంది, రేపు దాని ప్లేట్లు ఇంకా పలచబడతాయి.

నిజమైన ఉదాహరణ కావాలంటే విక్రమాదిత్య. 2004 జనవరిలో రష్యాతో ఒప్పందం. ఓడ ఉచితమే, కానీ రష్యా యార్డులోనే రిపేరు, రీఫిట్ చేయించుకోవాలి. అందుకు 97.4 కోట్ల డాలర్లు, గడువు 2008 ఆగస్టు. పని కొలత ముందుగా సరిగ్గా వేయలేదు. 2010లో ధర సుమారు 235 కోట్ల డాలర్లకి చేరింది, ఓడ నేవీలో చేరింది 2013 నవంబర్‌లో. అంటే ధర దాదాపు 2.4 రెట్లు, ఆలస్యం ఐదేళ్ల మూడు నెలలు. 2009లో పార్లమెంటు ముందుకొచ్చిన కాగ్ నివేదిక దీన్ని గట్టిగానే తప్పుపట్టింది. ఇలాంటి విదేశీ ఒప్పందాల్లో డాలర్లని డాలర్లతోనే పోల్చండి. రూపాయల్లోకి మార్చి పోలిస్తే మారకం రేటు పెరుగుదల కూడా రిపేరు ఖాతాలో పడిపోతుంది.

ఆలస్యం తేలాక తర్వాతి ప్రశ్న: ఎవరి వల్ల? యార్డు చేయలేకపోయిందా, నేవీ ఇవ్వాల్సిన విడిభాగాలు రాలేదా, ఓడనే ఆలస్యంగా అప్పగించారా, డాక్ ఖాళీ లేదా? యార్డు వల్ల అయితే లిక్విడేటెడ్ డ్యామేజెస్ (ఆలస్యానికి కాంట్రాక్టులోనే రాసుకున్న పరిహారం) కింద బిల్లులో కోత పడాలి. పడిందా, మాఫీ చేశారా అని వెతకండి. ప్రభుత్వ షిప్‌యార్డుల విషయంలో ఈ కోత కుడిజేబులోంచి ఎడమజేబులోకి మారడం లాంటిదే, ఎందుకంటే ఓడా యార్డూ రెండూ ప్రభుత్వానివే. అయినా కోత వేయడం అవసరం అనే నా అభిప్రాయం. అది లేకపోతే తప్పు ఎవరిదో కాగితం మీదికే రాదు. యార్డు వార్షిక నివేదిక తెరిచి, అకౌంట్స్ నోట్స్‌లో ఆ మాటతో వెతికితే కోతల కోసం పక్కన పెట్టిన మొత్తం కనిపించే అవకాశం ఉంది. అదే నివేదికలో కాగ్ కామెంట్స్ పేజీ కూడా ఉంటుంది. మామూలుగా చిన్నదే, చదివేయండి.

6. పార్లమెంటు ఏమంది?

పీఏసీలో 22 మంది ఎంపీలుంటారు: లోక్‌సభ నుంచి 15, రాజ్యసభ నుంచి 7. అధ్యక్షుడు ప్రతిపక్షం నుంచి రావడం 1967 నుంచి ఆనవాయితీ. కాగ్ రాసిన ప్రతి పేరానీ వీళ్లు చర్చించలేరు. అయినా చర్చకు రాని పేరాల మీద కూడా శాఖ తీసుకున్న చర్య ఏమిటో నాలుగు నెలల్లో నోట్ ఇవ్వాలి. దాన్ని యాక్షన్ టేకెన్ నోట్ అంటారు. మీ పేరా మీద ఆ నోట్ వచ్చిందా లేదా అన్నది ఆర్టీఐలో అడగదగ్గ చక్కటి ప్రశ్న. పెండింగ్ నోట్ల జాబితా తర్వాతి కాగ్ నివేదికల అనుబంధాల్లో కూడా చూడొచ్చు.

డిఫెన్స్ స్టాండింగ్ కమిటీ ఏటా బడ్జెట్ డిమాండ్ల మీద ఇచ్చే రిపోర్టులో నేవీకి విడిగా భాగం ఉంటుంది. పార్లమెంటు సైట్ సంసద్‌లో ప్రశ్నల విభాగానికి వెళ్లి, రక్షణ శాఖని ఎంచుకుని "రీఫిట్" అని కొడితే ఎంపీల ప్రశ్నలూ మంత్రుల జవాబులూ వస్తాయి. మీరు అడగాలనుకున్నది ఎవరో ముందే అడిగి ఉండొచ్చు.

7. మిగిలిన ఖాళీలకి ఆర్టీఐ

ఇదంతా అయ్యాకే ఆర్టీఐ. చాలామంది ముందు ఇదే వేస్తారు, జవాబు రాక విసిగిపోతారు.

నా మొదటి దరఖాస్తులో "ఏయే పరికరాలు రిపేరు చేశారు, వాటి పరిస్థితి ఏమిటి" అని అడిగాను. ఒక్క లైన్ జవాబు: సెక్షన్ 8(1)(ఎ), దేశ భద్రత, ఇవ్వలేం. ఇప్పుడు ఆలోచిస్తే వాళ్లది తప్పేం కాదు. నేనడిగింది సబ్‌మెరైన్ బలహీనతల జాబితా! రెండోసారి పరికరాల ఊసెత్తకుండా తేదీలు, మొత్తాలు మాత్రమే అడిగాను. అన్నీ రాలేదు గానీ సగం వచ్చాయి. ఇప్పుడు నేను వాడే నమూనా ఇది:

"ఫలానా ఓడ, ఫలానా రీఫిట్‌కు సంబంధించి:
1. కాంట్రాక్టు సంతకం చేసిన తేదీ, అందులోని పూర్తి గడువు తేదీ.
2. ఓడను యార్డుకు అప్పగించిన తేదీ, యార్డు తిరిగి అప్పగించిన తేదీ.
3. కాంట్రాక్టు అసలు విలువ, ఇప్పటివరకు చెల్లించిన మొత్తం.
4. గడువు పొడిగింపులు ఎన్ని, ఒక్కొక్కటి ఎన్ని రోజులు.
5. విధించిన లిక్విడేటెడ్ డ్యామేజెస్ మొత్తం, వసూలైనది, మాఫీ చేసినది.
ఏదైనా భాగం ఇవ్వలేకపోతే సెక్షన్ 10 ప్రకారం మిగిలిన భాగం ఇవ్వగలరు."

చివరి వాక్యం మరిచిపోకండి. ఒక్క ప్రశ్న కోసం మొత్తం దరఖాస్తు తిప్పి పంపకుండా కాపాడేది అదే. "ఎందుకు ఆలస్యమైంది?" లాంటి ప్రశ్నలు రాయొద్దు. ఆర్టీఐ కింద రికార్డులో ఉన్నది ఇస్తారు, సంజాయిషీ ఇవ్వరు. కారణం కావాలంటే "పొడిగింపు మంజూరు ఉత్తర్వుల కాపీలు" అని అడగండి.

ఎవరికి వేయాలి? ఓడ గురించి నేవీకి, కాంట్రాక్టు అమలు గురించి షిప్‌యార్డుకి. రెండూ ఆర్టీఐ కిందికి వస్తాయి. ఒకే ప్రశ్నలు ఇద్దరికీ వేసి జవాబులు పక్కపక్కన పెట్టి చూడడం నాకు బాగా కలిసొచ్చిన పద్ధతి. తప్పు ఆఫీసుకి పంపినా కంగారు లేదు, సెక్షన్ 6(3) ప్రకారం వాళ్లే ఐదు రోజుల్లో సరైన చోటికి బదిలీ చేయాలి.

కేంద్ర ప్రభుత్వ ఆర్టీఐ పోర్టల్లో పది రూపాయలు కట్టి ఆన్‌లైన్‌లోనే వేయొచ్చు. అక్కడి పెట్టెలో 3,000 అక్షరాలే పడతాయి, అవీ ఇంగ్లీషు అక్షరాలే. తెలుగులో రాయాలనుకుంటే పోస్టల్ ఆర్డర్ జతచేసి పోస్టులో పంపండి. స్థానిక అధికార భాషలో దరఖాస్తు చేసే హక్కు చట్టంలోనే ఉంది.

30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా 30 రోజుల్లోపు మొదటి అప్పీలు వేయండి, దానికి ఫీజు లేదు. అక్కడా కుదరకపోతే 90 రోజుల్లోపు కేంద్ర సమాచార కమిషన్‌కి. షిప్‌యార్డులు 8(1)(డి), వ్యాపార రహస్యం అని అంటాయి. బిడ్ ధరల విడివిడి వివరాలకి ఆ మాట కొంత చెల్లుతుందేమో గానీ, పని ముగిసి బిల్లులు చెల్లించేశాక మొత్తం ఎంతన్నది రహస్యం ఎలా అవుతుందని అప్పీల్లో రాయండి.

8. బయటపెట్టే ముందు సరిచూసుకోండి

- ప్రతి అంకె పక్కన అది ఏ కాగితం, ఎన్నో పేజీ అని రాశారా? లేకపోతే ఆ అంకె కొట్టేయండి.
- కాంట్రాక్టు విలువనీ, చెల్లించిన మొత్తాన్నీ కలిపేయలేదు కదా?
- తేదీల్లో సంతకం తేదీ నుంచి లెక్కపెట్టారా, ఓడ అప్పగించిన తేదీ నుంచా? గడువు మామూలుగా రెండోదాని నుంచి మొదలవుతుంది. ఈ ఒక్క తేడా వల్లే లేని ఆలస్యం పుట్టుకొస్తుంది.
- పని పెరిగినందుకు అధికారికంగా ఇచ్చిన అదనపు రోజులు విడిగా చూపించారా?
- శాఖ జవాబు కనీసం ఒక్క వాక్యమైనా మీ రాతలో ఉందా?
- ఒక అంకె రెండు చోట్ల రెండు రకాలుగా ఉంటే రెండూ వేసి "తేడా ఉంది" అని రాయండి. మీకు నచ్చినది ఎంచుకోవద్దు.

ఇవన్నీ సరిపోయాక ఒక పేజీలోకి కుదించి మీ ఎంపీకి పంపొచ్చు. విశాఖవాళ్లే కానక్కరలేదు, ఏ ఊరి ఎంపీ అయినా రక్షణ శాఖని అడగొచ్చు. పంపేటప్పుడు "దీని మీద మాట్లాడండి" అని రాస్తే పక్కన పెట్టేస్తారు. "గత ఐదేళ్లలో గడువు దాటిన రీఫిట్లు ఎన్ని, ఒక్కోదానికి ఎన్ని రోజులు, విధించిన డ్యామేజెస్ ఎంత?" అని ప్రశ్న మీరే తయారుచేసి ఇవ్వండి. వాళ్ల పీఏ దాన్ని అలాగే ఫారంలోకి ఎక్కించుకునేంత పొట్టిగా, తేలిగ్గా ఉండాలి.